చలి ముదిరాక పంప్ వాడొచ్చా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దగ్గర పల్లె. నాన్నగారికి 62 ఏళ్లు, పదేళ్లుగా ఆస్తమా. ఎండాకాలంలో బాగానే ఉందని పంప్ (ఇన్‌హేలర్) మానేశారు. దసరా దాటినప్పటి నుంచి తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు. ఈసారి చలి ఎక్కువంటున్నారు కదా, ముదిరాక మొదలుపెడతానంటున్నారు. ఆగొచ్చా?

జవాబు: ఆగొద్దు. అక్టోబరులో నైరుతి రుతుపవనాలు వెళ్లిపోగానే మీ వైపు ఆకాశం తేటపడుతుంది. మబ్బు లేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, ఉత్తరం నుంచి పొడిగాలి తోడవుతుంది. కోస్తాలో ఈ రోజుల్లో ఈశాన్య రుతుపవనాల మబ్బు, వాన ఉంటాయి కాబట్టి రాత్రిళ్లు అంతగా చల్లబడవు. మీకు మధ్యాహ్నం చెమట, తెల్లారేసరికి రగ్గు. పైగా చల్లగాలి నేలను అంటుకొని ఉండిపోవడంతో పొయ్యి పొగ, చెత్త తగలబెట్టిన పొగ పైకి పోకుండా ఊళ్లోనే తిరుగుతాయి. ఆస్తమా ఎలాగూ తెల్లవారుజామునే ఎక్కువవుతుంది.

ఇక ఈసారి చలి ఎక్కువా తక్కువా అన్నది. సీజన్ అంచనా మొత్తం మీద సగటు చెబుతుంది, మీ నాన్నగారిని ఇబ్బంది పెట్టేది ఒక్క రాత్రి. డిసెంబరు, జనవరిల్లో పది డిగ్రీల లోపుకు పడిపోవడం మీ జిల్లాకు కొత్తేం కాదు. రోజూ వాడాల్సిన పంప్‌లోని మందు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే ఈ వారమే డాక్టర్‌ను కలిసి మళ్లీ మొదలుపెట్టండి. పాత డోసు మీ అంతట మీరు వాడొద్దు.

‘పంప్ అలవాటైతే మానలేం’ అనే భయం మీ నాన్నగారికీ ఉండొచ్చు. ఆ భయం అక్కర్లేదు. అందులో స్టెరాయిడ్ ఉన్నా అది మైక్రోగ్రాముల్లోనే, మాత్రలో అయితే మిల్లీగ్రాములు. పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలు. ఫ్లూ టీకా గురించి కూడా అడగండి.

చలికి తలుపులు మూసి గదిలో కుంపటి పెట్టొద్దు. పొగ సంగతి అటుంచితే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దోమల కాయిల్ కూడా వద్దు, దోమతెర కట్టండి. వాకింగ్ ఎండ వచ్చాకే, ముక్కుకూ నోటికీ మఫ్లర్ అడ్డం పెట్టుకొని.

మాట పూర్తి చేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఆయాసానికి వాడే పంప్‌తో తగ్గకపోయినా తెల్లారేదాకా చూడకండి, 108కి ఫోన్ చేయండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పంప్ వెంట తీసుకెళ్లి, ఎలా పీలుస్తున్నారో ఆయన ఎదుటే చూపించమనండి. పరికరంలో వేసి పీల్చాల్సిన పొడి క్యాప్సూల్‌ను ఆర్నెల్ల పాటు రోజూ నీళ్లతో మింగిన పెద్దాయన ఒకరు నా దగ్గరికి వచ్చారు. మందు పనిచేయడం లేదని ఆయన ఫిర్యాదు.