బొగ్గు ఆరిందనుకున్న తరువాత

పోయిన డిసెంబరులో సెలవు మీద కడపకు వచ్చినప్పుడు, బంధువుల పిల్లలతో కలిసి గండికోటకు వెళ్లి ఒక రాత్రి గుడారాల్లో గడిపాను. పెన్నా లోయ మీదుగా వీచే గాలికి చలి పెరగడంతో, పక్క గుడారంలోని కుర్రవాళ్లు తాము కోడిమాంసం కాల్చుకున్న చిన్న బొగ్గుల గ్రిల్‌ను, ఇక పొగ రావడం లేదు కదా అన్న ధైర్యంతో, లోపలికి తీసుకుపోబోయారు. నేను వెళ్లి ఆపి కారణం చెప్పాను. వారిలో ఇద్దరు జనవరిలో చదువుకోసం టెక్సాస్‌కు బయలుదేరుతున్నారని మాటల్లో తెలిసింది. "అన్నా, అక్కడ ఇట్లాంటి గ్రిల్ కొనాలంటే ఏది మంచిది?" అని వారు అడిగారు. పద్దెనిమిదేళ్లుగా ఆ రాష్ట్రంలో ఉంటున్నవాడిగా ఆ రాత్రి వారికి చెప్పినదే, కొత్తగా వెళ్లే మన సీమ పిల్లలందరి కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఏది కొనాలన్నది పెద్ద ప్రశ్న కాదు. నలుగురికి 14 అంగుళాల గుండ్రటి గ్రిల్ చాలు. అయితే దానికి గట్టి మూత, కిందా పైనా మూయగలిగే గాలి రంధ్రాలు తప్పక ఉండాలి. 1952లో చికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ అనే లోహపు పనుల కర్మాగారంలో పనిచేస్తున్న జార్జ్ స్టీఫెన్, నీటి మీద తేలే బోయా గుండును కోసి మూత గల గ్రిల్ తయారు చేయడానికి కారణం కూడా ఇదే: గాలి మన చేతిలో ఉంటే మంట మన చేతిలో ఉంటుంది.

కొనే ముందు ఎక్కడ వెలిగిస్తారో ఆలోచించుకోండి. ఇక్కడ మిద్దె మీద కుంపటి పెట్టుకున్నట్టు అక్కడ అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టుకోవడం కుదరదు. అక్కడి ఇళ్లలో చాలా భాగం చెక్కతో కట్టినవి కాబట్టి, మండే గోడలకు 10 అడుగుల లోపల బొగ్గుల గ్రిల్ వెలిగించడాన్ని అగ్నిమాపక నిబంధనలు సాధారణంగా ఒప్పుకోవు. అద్దె ఒప్పందంలోనూ ఆ మాట ఉంటుంది. ఎండలు ముదిరినప్పుడు కౌంటీలు (మన జిల్లాల వంటివి) నిప్పు మీద నిషేధం విధిస్తాయి, అప్పుడు పార్కుల్లో బొగ్గును కూడా ఆపివేయవచ్చు. అందుకే పార్కుకు బయలుదేరే ముందురోజు తప్పక విచారించుకోండి.

దుకాణంలో బొగ్గు సంచి మీద మెస్కీట్ అన్న చెట్టు పేరు కనిపిస్తే పరాయిదనుకోకండి. అనంతపురం, కడప బీళ్లలో అల్లుకుపోయిన మన సర్కారు తుమ్మకు అది దగ్గరి చుట్టం. రెండూ ప్రోసోపిస్ వర్గానివే, మన దగ్గరున్నది కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినదే. ఆ కట్టెబొగ్గు వేడి చాలా ఎక్కువ, నిప్పురవ్వలు చిమ్ముతుంది. అందువల్ల కొత్తవారు బొగ్గుపొడిని అదిమి చేసిన, నిలకడగా కాలే ఉండలైన బ్రికెట్లతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. చిమ్నీ స్టార్టర్ అనే రేకు గొట్టంలో బొగ్గులు నింపి, అడుగున కాగితం అంటిస్తే, 15 నుంచి 20 నిమిషాల్లో పై బొగ్గుల మీద బూడిద పొర కమ్ముకుంటుంది. అంటుకున్న బొగ్గుల మీద మాత్రం వెలిగించే ద్రవాన్ని ఎన్నడూ పోయకండి. మంట డబ్బాదాకా ఎగబాకుతుంది.

బొగ్గులను ఒక పక్కకే పరచి, రెండో పక్క ఖాళీగా ఉంచండి. మనం పట్టించే నూనె, కారం, పెరుగు చుక్కలుగా బొగ్గుల మీద పడి మంట లేస్తుంది, కారం మాడి చేదెక్కుతుంది. అప్పుడు ముక్కను ఖాళీ వైపుకు జరిపి మూత పెట్టాలి. కారం రంగు చూసి ఉడికిందని మోసపోకుండా, థర్మామీటరు గుచ్చి, లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చాకే కోడిమాంసం తీయండి. నానబెట్టిన మాంసాన్ని అంతదాకా ఐసుపెట్టెలో 40 డిగ్రీలకు మించకుండా ఉంచాలి.

అసలు జాగ్రత్త తినడం అయ్యాక మొదలవుతుంది. పొగ తగ్గి, పైన బూడిద తేలిన బొగ్గు కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ చోటును అది ఆక్రమించడంతో, నిద్రలో ఉన్నవారికి ప్రమాదం తెలియకముందే స్పృహ పోతుంది. గుడారంలోకి, గ్యారేజీలోకి, కారులోకి వెచ్చగా ఉన్న గ్రిల్‌ను తేవద్దని నేను అందరినీ బతిమాలేది ఇందుకే. వెంటనే తిరిగి రావలసి ఉంటే, బొగ్గులను ఒక్కొక్కటిగా పటకారుతో తీసి నీళ్లున్న ఇనుప బకెట్‌లో వేసి, చేతికి చల్లగా తగిలేదాకా కలపండి. కాలుతున్న గ్రిల్‌లోనే నీళ్లు పోస్తే ఆవిరి ముఖాన కొడుతుంది, పైపూత పగులుతుంది. బీచిలో ఇసుకలో పూడ్చిపెట్టడం మరీ తప్పు. కింద గంటల తరబడి నిప్పు బతికే ఉంటుంది, మరుసటి పూట ఎవరి పిల్లలో దాని మీద కాలు పెడతారు. ఇంటి దగ్గరైతే రంధ్రాలన్నీ మూసి రెండు రోజులు వదిలేసి, ఆ తరువాతే బూడిదను మూత గల రేకు డబ్బాలోకి ఎత్తండి.

ఆ బూడిదను గ్రిల్‌లోనే మరిచిపోకండి. అది గాలిలోని తేమను పీల్చుకుని అడుగును తుప్పు పట్టిస్తుంది. నా మొదటి గ్రిల్ ఒక్క వానాకాలంలోనే అట్లా చిల్లిపడింది. జాలీని మాత్రం వేడి తగ్గకముందే శుభ్రం చేయాలి. తీగల బ్రష్ నుంచి ఊడిన వెంట్రుకంత తీగ మాంసానికి అంటుకుని గొంతులో, పేగులో గుచ్చుకున్న సందర్భాలు అక్కడి ఆసుపత్రుల్లో నమోదయ్యాయి కాబట్టి, నేను ఆ బ్రష్ మానేశాను. మన అమ్మలు దోసె పెనానికి రుద్దినట్టే, సగం కోసిన ఎర్రగడ్డను పొడవాటి ఫోర్కుకు గుచ్చి, వేడి జాలీ మీద గట్టిగా రుద్దితే అంటుకున్నదంతా వదులుతుంది. చల్లారాక సబ్బునీళ్లతో కడిగి, తడి లేకుండా తుడిచి, పలచగా నూనె రాయండి. సంచిలో సర్దే ముందు గాలి రంధ్రాల రేకులను ఒకసారి తిప్పి చూడండి. జిడ్డు, బూడిద పేరుకుని అవి బిగుసుకుంటే, వచ్చేసారి నిప్పును మూత వేసి ఆర్పడం కుదరదు.