హార్న్ కాగితం ఒకసారి చూడు

చిట్టితల్లికి పెదనాన్న దీవెనలు.

ఆదివారం మీ నాన్న ఫోన్ చేశాడు. మీ ఊరి కమ్యూనిటీ బ్యాండులో డిసెంబరు కచేరీకి పాటలు ఎంచే పని నీకు అప్పగించారట కదా. పైగా మన గొబ్బిపాటను నువ్వే బ్యాండుకు రాస్తున్నావట. మీ పెద్దమ్మ ఫోన్ పెట్టేయకముందే పక్కింటికి పోయి చెప్పొచ్చింది. నాకు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఫౌజు బ్యాండులో క్లారినెట్ ఊదాను. అందులో తొమ్మిదేళ్ళు స్వరాల కాగితాలు దాచే బీరువా తాళంచెవి నా నడుముకే ఉండేది. నలభై మంది ముందు కాగితాలు పెట్టడమంటే ఏమిటో నాకు తెలుసు. నీ నాలుగో ఏట నా క్లారినెట్ మూతికి బిగించే కొత్త రీడు కొరికేసినప్పుడు కూడా ఇంత కంగారు పడలేదు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ఒక్కో వాద్యం కాగితాలన్నీ కలిపి వచ్చే సెట్ కొను, ఎవరో పంపిన జిరాక్సులతో నెట్టుకురాకు. పేజీలకు, బార్లకు (తాళం గళ్ళకు) నంబర్లు ఉన్నాయో లేదో చూడు. ఆరుబయట వాయిస్తే కాగితాలు ఎగిరిపోకుండా అందరినీ బట్టల క్లిప్పులు తెచ్చుకోమను. చలికి గొట్టాల శ్రుతి దిగిపోతుంది. కారు దిగీదిగగానే శ్రుతి చూసుకోకుండా, లోపల పది నిమిషాలు ఊది వేడెక్కాక చూసుకోండి.

లెరాయ్ ఆండర్సన్ కట్టిన 'స్లే రైడ్' పెట్టావట. పెట్టు, పిల్లలకు బాగుంటుంది. ఆ మంచుబండి పాటను ఆయన 1946 జూలైలో, అమెరికాలోని కనెక్టికట్‌లో ఎండలు మండిపోతుంటే మొదలుపెట్టాడు. బోస్టన్ పాప్స్ ఆర్కెస్ట్రా దాన్ని మొదటిసారి వాయించింది కూడా 1948 మే నెలలో. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆయన మా మనిషి అనిపిస్తాడు. మద్రాసు ఉక్కలో మెడ దాకా గుండీలు పెట్టుకుని క్రిస్మస్ పాటలు వాయించినవాళ్ళం మరి. ఒక్క జాగ్రత్త. చివర్లో గుర్రం సకిలింపు ట్రంపెట్ వాడి పని. రిహార్సల్లో అసలు స్వరాలు వదిలేసి సగం సేపు దాన్నే సాధన చేస్తాడు. సాయంత్రానికి ఒక్కసారే సకిలించనియ్యి.

రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ 'ఫెస్టివ్ ఓవర్చర్' దగ్గర మాత్రం ఆగి ఆలోచించు. మొదట్లో కొమ్ముల మోత విని ఉత్సాహపడిపోతారు. ఆ తర్వాత వచ్చే పరుగు మొదలుపెట్టేది మన క్లారినెట్లే. అసలుది ఆర్కెస్ట్రాకు ఎ మేజరు శ్రుతిలో ఉంటే, డొనాల్డ్ హన్స్‌బర్గర్ బ్యాండుకు మార్చేటప్పుడు అరమెట్టు దించి ఎ-ఫ్లాట్‌లో పెట్టాడు. మన గొట్టాలన్నీ ఫ్లాట్ల వైపు మొగ్గేవే కాబట్టి వేళ్ళకు కాస్త నయం. అయినా మీ క్లారినెట్ వరసలో నీతో పాటు ఇంకో ఇద్దరైనా ఆ పరుగు అందుకోలేకపోతే వద్దు. షోస్తకోవిచ్ 1954లో బొల్షాయ్ థియేటర్ ఉత్సవానికి దాన్ని మూడు రోజుల్లో రాసిచ్చాడని, సిరా ఆరకముందే మనుషులొచ్చి పేజీలు పట్టుకుపోయేవారని చెప్పుకుంటారు. విన్నవాళ్ళంతా ఆహా అంటారు. నాకు మాత్రం ఒకటే అనుమానం. ఆ తడి కాగితాల్లో హార్న్ అనే చుట్టల కొమ్ము వాయించేవాడి భాగం ఎవరు సరిచూశారు?

నవ్వకు. ఇది మీ నాన్నకు కూడా చెప్పలేదు.

నా బీరువా ఉద్యోగం రెండో ఏడు. పెద్ద పండగ రోజు, పెద్ద ఆఫీసర్లు, వాళ్ళ కుటుంబాలు, పచ్చిక మీద కుర్చీలు. ఓ పాత మార్చ్, అంటే కవాతు పాట, వాయించాలి, బి-ఫ్లాట్‌లో. ముందు రోజు మధ్యాహ్నం సెట్ తీస్తే హార్న్ కాగితాలు చెదలు తినేశాయి. ముట్టుకుంటే పొడి రాలింది. నేను తెలివిగలవాణ్ణి కదా, అదే మార్చ్‌ది ఇంకా పాత సెట్ ఒకటి అట్టడుగున ఉంటే తీసి, అందులోంచి హార్న్ భాగాలు మూడూ చేత్తో కాపీ చేశాను. రాత్రి రెండు దాకా. గుండ్రంగా, ముత్యాల్లా రాశాను. ఆ దస్తూరీ చూసుకుని నేనే మురిసిపోయాను.

పాత కాగితం ఎడమ మూలన చిన్న అక్షరాల్లో 'ఇ-ఫ్లాట్ హార్న్' అని ఉంది. మా దగ్గరున్నవి ఎఫ్ హార్న్‌లు. ఇ-ఫ్లాట్ కాగితం చూసి వాటి మీద ఊదితే ఒక మెట్టు పైకి పలుకుతుంది. పూర్వం సెట్లు అలాగే ఇ-ఫ్లాట్‌కు వచ్చేవి. ఆ మూల నేను చూడలేదు. చూడకపోయినా తెలియాలి. బి-ఫ్లాట్ మార్చ్‌లో ఎఫ్ హార్న్ కాగితం తల మీద ఒక ఫ్లాట్ (స్వరాన్ని అరమెట్టు దించే గుర్తు) ఉండాలి, నేను రాసినదాంట్లో ఒక షార్ప్ (అరమెట్టు ఎక్కించేది) ఉంది. పక్కనే ఉన్న ఆల్టో శాక్సఫోన్ కాగితంతో పోల్చినా దొరికిపోయేది, అదీ ఇ-ఫ్లాట్ వాద్యమే, దాని తల మీదా అదే షార్ప్.

తెల్లారాక కాగితాలు పంచుతుంటే హార్న్ వాయించే కుర్రాడు ఒకడు అడిగాడు. గంజాం వాడు, తెలుగు కొద్దికొద్దిగా మాట్లాడేవాడు. "అన్నా, ఇక్కడ షార్ప్ ఉందేంటి?" అన్నాడు. రాత్రంతా నిద్ర లేదు, వయసులో పెద్దవాణ్ణి, పైగా నా దస్తూరీని వేలుపెట్టి చూపిస్తున్నాడు. "రాసింది వాయించు" అన్నాను.

రాసింది వాయించాడు. హార్మోనియం భాషలో చెప్పాలంటే, బ్యాండంతా ఆరున్నర శ్రుతిలో ఉంటే హార్న్‌లు మూడూ ఒకటికి ఎక్కి కూర్చున్నాయి. ట్యూబా 'ధుం' అంటే 'చక్' అనడమే కదా మార్చ్‌లో హార్న్ పని. ఆ 'చక్' పడ్డ ప్రతిసారీ ఇనప గేటు కిర్రుమన్నట్టు ఉంది. మూడో బారుకే నాకు అర్థమైపోయింది. మిగతా ఇద్దరు పెద్దవాళ్ళు, గొట్టం పెదవికి ఆనించుకుని ఊదడం మానేశారు. వాడొక్కడే ఆపలేదు. కళ్ళు కాగితం మీద పెట్టి, చెమటలు కారుతుంటే, చివరి బారు దాకా తప్పు లేకుండా వాయించాడు. కుర్చీల్లో ఎవరో చిన్నపిల్ల కిసుక్కున నవ్వింది.

తర్వాత వరసలో నిలబెట్టి అడిగారు. వాడు తల దించుకున్నాడు. ఆ షార్ప్ సంగతి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వాడికి వారం రోజులు పిట్టూ పడింది. అంటే వీపున బరువు మూట కట్టుకుని మైదానం చుట్టూ పరుగు. నేను బీరువా గది కిటికీలోంచి చూస్తూ కూర్చుని ఆ మూడు కాగితాలూ మళ్ళీ రాశాను, ఈసారి ఫ్లాట్‌తో. తర్వాతి రిహార్సల్లో వాడి స్టాండు మీద కొత్త కాగితం పెట్టాను. వాడు దాని తల వైపు చూశాడు, నా వైపు చూశాడు, గొట్టంలో నీళ్ళు వంపేసి ఊదడం మొదలుపెట్టాడు. 'అన్నా' అని పిలవడం మాత్రం ఆ తర్వాత మానేశాడు. నేను బదిలీ మీద వెళ్ళేదాకా నోరు తెరిచి వాడికొక మాట చెప్పలేకపోయాను.

"ఇప్పుడదంతా కంప్యూటరే చేస్తుంది పెదనాన్నా" అంటావు. చేస్తుంది. ఏ వాద్యమని నువ్వు చెప్తే ఆ వాద్యానికి చేస్తుంది. మీ బ్యాండు అలమారల్లోనూ పాత సెట్లు ఉంటాయి, వాటిలో ఇ-ఫ్లాట్ కాగితాలూ ఉంటాయి. అందరి భాగాలూ కలిసి ఉండే స్కోరు నీ ముందు ఎంత అందంగా ఉన్నా, వాయించేవాడికి కనపడేది వాడి పేజీ ఒక్కటే. ఒక్కో కాగితం తీసుకుని, ఎడమ మూల చూసి, తల మీద గుర్తు చూసి, మొదటి నాలుగు బార్లు పాడుకో. ఎవరైనా చెయ్యెత్తి ఇదేంటని అడిగితే, స్టిక్ కింద పెట్టి వెళ్ళి చూడు. ఇంటి పనులతో నీకు తీరుబడి లేదని తెలుసు. అయినా చూడు.

గొబ్బిపాట సంగతి. ధనుర్మాసం డిసెంబరు మధ్యలోనే మొదలవుతుంది కాబట్టి మీ కచేరీకి సరిగ్గా సరిపోతుంది. ఎవరేమన్నా తియ్యకు. గమకాలన్నీ ఆ ఐదు గీతల మీద పెట్టాలని చూడకు. మీ నాన్నమ్మ గొంతులోని ఊపు కాగితం మీదికి రాదు. జారుడు కావాల్సిన ఒకటి రెండు చోట్ల ట్రాంబోన్‌కు ఇయ్యి. డ్రమ్ములు తగ్గించు. గొబ్బెమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టేవాళ్ళం కదా, ఒక చరణంలో సగం మంది వాద్యాలు ఒళ్ళో పెట్టుకుని చప్పట్లే కొట్టనీ. మీ నాన్నమ్మ ఉంటే, గొబ్బి చుట్టూ తిరగకుండా కుర్చీల్లో కూర్చుని కొడతారా అని తిట్టేది.

ఇంకొకటి, ఇది సలహా కాదు, అడుగుతున్నాను. ఒక చరణం రాగం హార్న్‌లకు ఇయ్యి. ఎప్పుడూ 'చక్ చక్' అనడమేనా వాళ్ళు?

రాయడం అయ్యాక, ప్రింటు తీయకముందు, ఆ హార్న్ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు బాగా కనిపిస్తోంది. ఎడమ మూల కూడా పడేట్టు తియ్యి.

మీ పెదనాన్న