లా స్కూలు ర్యాంకు దేన్ని కొలుస్తుంది?

ప్రశ్న: మేము అమెరికాలో స్థిరపడిన కుటుంబం. మా అమ్మాయికి జేడీ (అమెరికాలో న్యాయవాది కావడానికి చదివే పట్టా) కోర్సులో రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి యూఎస్ న్యూస్ అనే వార్తాసంస్థ ఇచ్చే ర్యాంకుల జాబితాలో ఇరవయ్యో స్థానానికి అటూ ఇటూగా ఉండే పేరున్న కళాశాల. అది స్కాలర్‌షిప్ ఏమీ ఇవ్వడం లేదు. రెండోది ఎనభయ్యో స్థానం దగ్గర ఉండే మా రాష్ట్ర విశ్వవిద్యాలయం. అక్కడ ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ చేస్తామన్నారు. అమ్మాయికి ప్రాసిక్యూటర్ కావాలని, మా రాష్ట్రంలోనే పనిచేయాలని ఉంది. బంధువులు మాత్రం "చేజేతులా అరవై మెట్లు కిందికి దిగుతారా" అంటున్నారు. ర్యాంకు నిజంగా కళాశాల విలువను చెబుతుందా?

జవాబు: మెట్లు అనగానే అన్నీ ఒకే ఎత్తున ఉంటాయని అనుకుంటాం. ఈ జాబితాలో అలా ఉండవు. యేల్, స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్, షికాగో, కొలంబియా వంటి పద్నాలుగు కళాశాలలను అక్కడి విద్యార్థులు "టీ ఫోర్టీన్" అంటారు. వాటిలో వాటికి స్థానాలు మారుతుంటాయి గానీ ఆ గుంపులోకి కొత్తవారు రావడం, ఉన్నవారు బయటికి పోవడం చాలాకాలం అరుదుగానే ఉండేది. అదే జాబితా నడుమకు వస్తే కళాశాలల మార్కులు ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఉంటాయి, నాలుగైదు కళాశాలలు ఒకే స్థానాన్ని పంచుకుంటాయి, ఏదో ఒక అంశంలో కొద్దిపాటి తేడా వచ్చినా పది స్థానాలు పైకో కిందికో జరిగిపోతాయి. మీ రెండు కళాశాలల మధ్య తేడా లేదని నేను అనడం లేదు. ఆ తేడాకు అరవై అనే అంకె సరైన కొలత కాదని మాత్రమే అంటున్నాను.

యూఎస్ న్యూస్ సంస్థ లా స్కూళ్లకు తొలిసారి ర్యాంకులు ఇచ్చింది 1987లో. 1990 నుంచి ఏటా ఇస్తోంది. చాలాకాలం పాటు మొత్తం మార్కుల్లో 40 శాతం పేరు ప్రతిష్ఠలకే పోయేది. ఇతర కళాశాలల డీన్లూ కొందరు అధ్యాపకులూ వేసే మార్కులకు 25 శాతం, న్యాయవాదులూ న్యాయమూర్తులూ వేసే వాటికి 15 శాతం ఉండేది. దాదాపు రెండువందల కళాశాలలకు ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయమని ఒక కాగితం పంపితే, అందులో ఎన్నింటి గురించి ఆ డీన్‌కు నిజంగా తెలిసి ఉంటుంది? తెలియనిచోట నిరుటి ర్యాంకే గుర్తుకు వస్తుంది. ర్యాంకు వల్ల పేరు, ఆ పేరు వల్ల మళ్లీ ర్యాంకు, ఇలా చక్రం తిరుగుతూ ఉంటుంది.

2022 నవంబరు 16న యేల్ లా స్కూల్ డీన్ హెదర్ గెర్కెన్ ఇకపై ఈ సర్వేలో పాల్గొనబోమని ప్రకటించారు. అదే రోజు హార్వర్డ్, ఆ తరువాత బర్కిలీ, కొలంబియా, స్టాన్‌ఫర్డ్, మిషిగన్ వంటివి వరుసగా తప్పుకున్నాయి. ప్రజాహిత ఉద్యోగాల్లో చేరేవారికి కళాశాల సొంత డబ్బుతో ఫెలోషిప్ ఇస్తే ఆ ఉద్యోగాన్ని తక్కువచేసి లెక్కించడం, ఆర్థిక అవసరాన్ని బట్టి సాయం చేసే కళాశాలకు ప్రోత్సాహం లేకపోవడం వారి ప్రధాన ఫిర్యాదులు. ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉన్న సంస్థే జాబితాను కాదన్నదంటే ఆలోచించవలసిన విషయమే. అయితే మొదటి స్థానంలో ఉన్నవారికి కాదనడం సులువు, ఎనభయ్యో స్థానంలో ఉన్నవారికి అంత సులువు కాదన్నది కూడా నిజమే.

దాంతో 2023లో సూత్రం మారింది. పేరు ప్రతిష్ఠల వాటా 25 శాతానికి తగ్గింది. పట్టా పుచ్చుకున్న పది నెలలకు ఎంతమంది ఉద్యోగాల్లో ఉన్నారన్న అంశం 14 శాతం నుంచి 33కు పెరిగింది. న్యాయవాదిగా పనిచేయాలంటే గట్టెక్కవలసిన బార్ పరీక్ష ఫలితాలకు 25 శాతం వచ్చింది. ఒక్కో విద్యార్థిపై కళాశాల ఎంత ఖర్చు పెడుతుందన్న లెక్కను పూర్తిగా తీసేశారు. కొన్ని కళాశాలలు ఆ ఒక్క ఏడాదిలోనే పది స్థానాలకు మించి కదిలిపోయాయి. అక్కడ పాఠాలు చెప్పేవారు మారలేదు, తరగతి గదులు మారలేదు, తూకపు రాళ్లు మాత్రం మారాయి. మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

తూకపు రాళ్ల విషయంలో ఒక చిన్న వినోదం కూడా ఉంది. మిషిగన్‌లోని థామస్ ఎం. కూలీ లా స్కూల్ ఒకప్పుడు తానే ఒక ర్యాంకుల జాబితా ప్రచురించేది. అందులో గ్రంథాలయంలోని సీట్ల వంటి అంశాలకు కూడా మార్కులుండేవి. ఒక ఏడాది ఆ జాబితా ప్రకారం హార్వర్డ్ ప్రథమం, కూలీ ద్వితీయం. నవ్వుకోవచ్చు గానీ, ఏది లెక్కపెట్టాలో నిర్ణయించేవారి చేతిలోనే ఫలితం ఉంటుందన్న సంగతి పెద్ద జాబితాలకూ వర్తిస్తుంది.

ఇక మీకు వచ్చిన స్కాలర్‌షిప్ సంగతి చూద్దాం. జాబితా తయారీలో విద్యార్థుల ఎల్‌శాట్ (లా స్కూలు ప్రవేశ పరీక్ష) మార్కుల సగటును కాక మీడియన్‌ను, అంటే అందరినీ మార్కుల వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచే విద్యార్థి మార్కును తీసుకుంటారు. తొమ్మిదిమంది ఉన్న తరగతిలో 172, 170, 168, 167, 166, 158, 156, 155, 153 మార్కులు ఉన్నాయనుకోండి. మీడియన్ 166. చివరి నలుగురికీ తలా 165 వచ్చినా మీడియన్ అదే. కాబట్టి నడిమి గీతకు పైన ఉండే మరొక విద్యార్థిని రప్పించుకోవడం కళాశాలకు లాభం, కింద ఉన్నవాడికి సాయం చేయడం ర్యాంకు దృష్టిలో వృథా. మీ అమ్మాయి మార్కు రాష్ట్ర కళాశాల మీడియన్ కన్నా పైన, పెద్ద కళాశాల మీడియన్‌కు దగ్గరలోనో కిందనో ఉండి ఉంటుందని ఊహిస్తున్నాను. అంటే ఏ ర్యాంకును చూసి మీరు సందేహిస్తున్నారో, ఫీజు మాఫీ చేస్తామన్న ఉత్తరం కూడా ఆ ర్యాంకు పుణ్యమే. 2023 తరువాత ఎల్‌శాట్, జీపీఏల (డిగ్రీ చదువులో వచ్చిన సగటు గ్రేడు) వాటా దాదాపు 20 శాతం నుంచి 9 శాతానికి పడిపోయినా ఈ అలవాటు పోలేదు. ఈ మార్కుల మోజు ఎంతదూరం పోయిందంటే, విలనోవా, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయాల లా స్కూళ్లు ఎల్‌శాట్, జీపీఏ అంకెలను తప్పుగా చూపినట్లు 2011లో బయటపడింది. లా స్కూళ్లకు గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్ రెండింటినీ అభిశంసించి, ఇల్లినాయ్‌కి 2,50,000 డాలర్ల జరిమానా కూడా వేసింది.

అయితే ర్యాంకు ఉత్త బూటకమని తోసిపుచ్చడం కూడా పొరపాటే. ఇప్పటి సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది యేల్, హార్వర్డ్ పట్టభద్రులు. ఎమీ కోనీ బారెట్ ఒక్కరే నోటర్‌డామ్‌లో చదివారు. తొలి ఏడాదే 2,25,000 డాలర్లు ఇచ్చే పెద్ద న్యాయసంస్థలూ, ఫెడరల్ (కేంద్ర) న్యాయస్థానాల జడ్జీలకు న్యాయ సహాయకులుగా పనిచేసే క్లర్క్‌షిప్పులూ పై కళాశాలల విద్యార్థులకే ఎక్కువగా అందుతాయి. కొత్త న్యాయవాదుల జీతాలను గీసి చూస్తే ఒంటె మూపురాల్లా రెండు గుట్టలు కనిపిస్తాయి. ఒకటి ఈ పెద్ద జీతం దగ్గర, రెండోది దానికి చాలా దిగువన, నడుమ లోయ. మీ అమ్మాయి చూపు మొదటి గుట్ట మీద ఉంటే నా సలహా వేరుగా ఉండేది.

ప్రాసిక్యూటర్ ఉద్యోగానిది మరో దారి. జిల్లా అటార్నీ కార్యాలయంలో ఇంటర్వ్యూ చేసేవారు ఎక్కువగా ఆ ప్రాంతపు కళాశాలల్లోనే చదువుకుని ఉంటారు, వేసవిలో ఇంటర్న్‌గా పనిచేసిన విద్యార్థిని పేరుపెట్టి గుర్తుపడతారు. మాంటానాలో, హవాయీలో ఉన్నది ఒక్కొక్క లా స్కూలే. అక్కడి న్యాయస్థానాల్లో ఆ పట్టా బరువును జాతీయ జాబితా చెప్పలేదు.

కాబట్టి జాబితా పక్కన పెట్టి, అమెరికన్ బార్ అసోసియేషన్ నిబంధనల ప్రకారం ప్రతి కళాశాల ఏటా బయటపెట్టవలసిన ఉద్యోగాల పట్టికను రెండు కళాశాలలకూ తీసి పక్కపక్కన పెట్టుకోండి. అది ఒకటి రెండు పేజీలు మాత్రమే. ముందుగా, బార్ అర్హత అవసరమైన, పూర్తికాలపు, దీర్ఘకాలిక ఉద్యోగాలు ఎన్నో చూడండి. "జేడీ అడ్వాంటేజ్" అన్న వరుస వేరే ఉంటుంది. న్యాయపట్టా ఉంటే మంచిదే గానీ తప్పనిసరి కాని ఉద్యోగాలవి. వాటిని కలిపి చెప్పే శాతాలను నమ్మకండి. కళాశాల సొంత డబ్బుతో ఇచ్చిన ఉద్యోగాలు ఎన్నో కూడా అక్కడే ఉంటుంది. తరువాత ప్రభుత్వోద్యోగాల వరుస, ఆ తరువాత పట్టభద్రులు ఎక్కువగా ఏ మూడు రాష్ట్రాల్లో చేరారన్న వరుస. పెద్ద కళాశాల పట్టికలో ఆ మూడింటిలో మీ రాష్ట్రం లేకపోతే, అక్కడ చదివి ఇంటికి తిరిగిరావడం మీ అమ్మాయి సొంతంగా వేసుకోవలసిన దారి అవుతుంది. బార్ పరీక్ష ఫలితాలు చూసేటప్పుడు శాతం ఒక్కటే చాలదు, దాని పక్కనే ఇచ్చే రాష్ట్ర సగటుతో పోల్చాలి.

డబ్బు సంగతి ఇప్పుడు మునుపటికన్నా ముఖ్యం. ఖర్చు ఎంతైనా అప్పు ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణాలు 2026 జులై 1 నుంచి కొత్త విద్యార్థులకు లేవు. న్యాయవిద్యకు ఫెడరల్ రుణం ఏడాదికి 50,000, మొత్తం మీద 2,00,000 డాలర్లకు పరిమితం. ఆపై కావలసింది ప్రైవేటు రుణమే. ప్రభుత్వోద్యోగంలో ఉంటూ 120 వాయిదాలు కట్టినవారికి మిగిలిన ఫెడరల్ అప్పు రద్దయ్యే పథకం ప్రాసిక్యూటర్లకు వర్తిస్తుంది గానీ, ప్రైవేటు రుణానికి వర్తించదు. ప్రాసిక్యూటర్ జీతంతో ఆ అప్పు తీర్చడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

నేనైతే రాష్ట్ర కళాశాల వైపే మొగ్గుతాను, ఒక్క షరతుతో. ఆ ఫీజు మాఫీకి "జీపీఏ ఇంత తగ్గకూడదు" అన్న నిబంధన ఉందేమో చూడండి. లా స్కూళ్లలో మొదటి ఏడాది మార్కులను తోటివారితో పోల్చి పంచుతారు కాబట్టి, అందరూ బాగా చదివినా కొందరు కింద ఉండక తప్పదు. షరతులతో స్కాలర్‌షిప్ పొందినవారిలో ఎంతమంది దాన్ని పోగొట్టుకున్నారో కూడా కళాశాల బహిరంగంగా చెప్పవలసిందే. ఆ అంకె పెద్దదైతే, షరతు తీసేయమని రాతపూర్వకంగా అడగండి. రాష్ట్ర కళాశాల ఇచ్చిన ఫీజు మాఫీ ఉత్తరాన్ని చూపి పెద్ద కళాశాలను కూడా సాయం అడగవచ్చు. అది అక్కడ అలవాటైన వ్యవహారమే, ఎవరూ తప్పుపట్టరు.

ప్రశ్న: నేను భారతదేశంలో ఎల్ఎల్‌బీ పూర్తిచేశాను. అమెరికాలో ఎల్ఎల్ఎం చేయాలనుకుంటున్నాను. కళాశాలను ఎంచుకోవడానికి ఇదే జాబితా చూడవచ్చా?

జవాబు: ఆ జాబితా జేడీ విద్యార్థుల ఎల్‌శాట్, జేడీ పట్టభద్రుల ఉద్యోగాలు, వారి బార్ ఫలితాల మీద కట్టినది. ఎల్ఎల్ఎం విద్యార్థులు ఆ లెక్కల్లో ఎక్కడా ఉండరు. ముందుగా మీరు తేల్చుకోవలసింది ఏ రాష్ట్రపు బార్ పరీక్ష రాయాలన్నదే. విదేశీ న్యాయపట్టా ఉన్నవారికి అవకాశమిచ్చే రాష్ట్రాల్లో ముఖ్యమైనవి న్యూయార్క్, కాలిఫోర్నియా. న్యూయార్క్ పరీక్షకు కనీసం 24 క్రెడిట్ల ఎల్ఎల్ఎం అవసరమైనవారు నిర్దేశించిన సబ్జెక్టులు కూడా అందులో చదివి ఉండాలి. మీ పట్టాను ముందుగానే పరిశీలనకు పంపి, రాతపూర్వకంగా జవాబు వచ్చిన తరువాతే ఫీజు కట్టండి. మీరు భారతదేశంలో న్యాయవాదిగా నమోదై ఉంటే కాలిఫోర్నియా పరీక్షను ఎల్ఎల్ఎం లేకుండానే రాయవచ్చు. ఇక కళాశాల వారిని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: నిరుడు మీ ఎల్ఎల్ఎం విద్యార్థుల్లో ఎంతమంది బార్ పరీక్ష రాశారు, ఎంతమంది గట్టెక్కారు? జవాబు అంకెల్లో కాక మాటల్లో వస్తే, మరో కళాశాలకు రాయండి.