షాక్‌లో ఉన్న పేషెంటుకు ట్యూబ్ వేసేటప్పుడు

ప్రశ్న: డాక్టరు గారూ, నేను ఐసీయూ స్టాఫ్ నర్సుని. సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరిన స్థితితో) వచ్చిన 60 కిలోల పేషెంటుకు బీపీ 84/50 ఉండగా ప్రొపొఫాల్ అనే మత్తు మందు 100 మి.గ్రా. ఇచ్చి శ్వాసనాళంలోకి ట్యూబ్ వేశారు. రెండు నిమిషాల్లో బీపీ అందకుండా పోయింది. మందు ఎక్కువైందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఎక్కువైందండీ. ఆపరేషన్‌కొచ్చిన ఆరోగ్యవంతుడికైతే అది ఎక్కువేం కాదు. షాక్‌లో (అవయవాలకు రక్తం సరిగా అందని స్థితిలో) బీపీని అప్పటిదాకా నిలబెట్టింది ఒంట్లో ఊరే అడ్రినలిన్ లాంటివే. ప్రొపొఫాల్ వాటికి కళ్లెం వేసి, రక్తనాళాలనూ వదులు చేస్తుంది. ఆపైన ఆంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కేకొద్దీ ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెకు చేరే రక్తం తగ్గుతుంది. ట్యూబ్ పడిందన్న కంగారులో బ్యాగ్ గబగబా నొక్కారేమో కూడా గుర్తు చేసుకోండి.

ఇక్కడ మత్తు మందు తగ్గించాలి, కండరాలు సడలించే మందు తగ్గించకూడదు. మత్తు మందు కెటమిన్ మామూలుగా కిలోకు 1.5 మి.గ్రా. అయితే షాక్‌లో 0.5 నుంచి 1 చాలు, అంటే మీ పేషెంటుకు 30–60 మి.గ్రా. కండరాలు సడలించే రోకురోనియం కిలోకు 1.2 మి.గ్రా. లెక్కన 72 కావాలి. 50 మి.గ్రా. వయల్ ఒక్కటే విప్పి సరిపెడితే పేషెంటు సగం సడలి దగ్గుతాడు. రక్తం మెల్లగా తిరుగుతుంది కనుక మందు ఎక్కడానికీ ఆలస్యమే. ఒంట్లో ఆక్సిజన్ పడిపోకుండా ఉంటే 90 సెకన్లు ఆగండి.

బీపీ పెంచే నోరడ్రినలిన్ మాత్రం ముందే ఎక్కుతూ ఉండాలి. 4 మి.గ్రా. 50 మి.లీ.లో కలిపితే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రామంటే ఈ బరువుకు గంటకు 4.5 మి.లీ. సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరలోకి వేసే గొట్టం) దాకా ఆగక్కర్లేదు. మోచేతి మడత దగ్గరి పెద్ద వెయిన్‌లో మొదలుపెట్టి, చుట్టూ చర్మం తెల్లబడుతోందేమో చూస్తుండండి. సగటు బీపీ 65 దగ్గర నిలవాలి. సిరంజి అయిపోయాక మార్చబోతే ఆలోపే బీపీ జారుతుంది, ఎందుకంటే మందు ప్రభావం నిమిషాల్లోనే దిగిపోతుంది. రెండో పంపు సిద్ధంగా ఉంచుకోండి.

ఇంకోటి చాలామంది మరుస్తారు. కెటమిన్ పావుగంటలో దిగుతుంది, రోకురోనియం గంట దాకా కండరాలను సడలించే ఉంచుతుంది. ఆ మధ్య పేషెంటుకు తెలివొచ్చినా వేలు కదపలేడు. ట్యూబ్ కట్టగానే, బీపీ చూసుకుంటూ, నొప్పి తగ్గించే ఫెంటానిల్ మొదలుపెట్టించండి. తర్వాత కొద్ది మోతాదులో మత్తు మందు మిడజోలం.

ప్రశ్న: షాక్ అనగానే బీపీ పెంచే డోపమిన్ పెట్టేవారు. ఇప్పుడెందుకు తగ్గింది?
– మరో పాఠకుడు, ఖమ్మం

జవాబు: గుండె లయ తప్పించడం వల్ల. 2010లో వెలువడిన 1,679 మంది షాక్ పేషెంట్ల అధ్యయనంలో డోపమిన్ తీసుకున్నవారిలో 24.1 శాతం మందికి, నోరడ్రినలిన్ తీసుకున్నవారిలో 12.4 శాతం మందికి లయ తప్పింది. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకునే కొందరికి మాత్రం డోపమిన్ ఇప్పటికీ వాడతారు.