హెచ్ఐవీ మందు మారవిరాక్ వేసినా వైరస్ ఆగడం లేదంటే

మందు తప్పు కాకపోవచ్చు, మీ సూడోవైరస్ (హెచ్ఐవీ పైతొడుగు తొడిగిన ల్యాబ్ వైరస్) కణంలోకి వేరే తలుపులోంచి దూరుతున్నట్టుంది. హెచ్ఐవీ దూరడానికి పట్టుకునే రిసెప్టర్లు సీడీ4, సీసీఆర్5. వాటి జీన్లు పెట్టిన హీలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు) వైరస్ దూరిందని చూపే వెలుగు తగ్గలేదన్నారు కదా. హీలాకు సీఎక్స్‌సీఆర్4 అనే మరో తలుపు సొంతంగానే ఉంటుంది. మారవిరాక్ మూసేది సీసీఆర్5నే. ధవళేశ్వరంలో తూర్పు కాలువ తలుపులు దించితే మీ భీమవరానికి నీళ్లు ఆగవుగా!

1. ఎన్వలప్ (వైరస్ పైతొడుగు) ఏదో చూడండి. ఎన్ఎల్4-3 అనే హెచ్ఐవీ రకానిదైతే అది సీఎక్స్‌సీఆర్4 వాడేదే. సీసీఆర్5 వాడే బాల్ రకం ఎన్వలప్‌తో మళ్లీ చేయండి.

2. చాలామంది వదిలేసేది ఇది: పక్క వెల్స్‌లో (ప్లేటు గుంటల్లో) వీఎస్‌వీ-జీ ఎన్వలప్ (హెచ్ఐవీది కాదు, వేరే వైరస్‌ది) సూడోవైరస్ పెట్టండి. దానికి ఈ రిసెప్టర్లు అక్కర్లేదు. మీరు పరీక్షించే కొత్త మందుకు అక్కడా వెలుగు తగ్గిందంటే అది తలుపు మూస్తున్నట్టు కాదు. మేమూ ఓ ఆకు రసం చూసి వారం సంబరపడ్డాం. తీరా మైక్రోస్కోప్ కింద చూస్తే కణాలే చచ్చి, ఊడి తేలుతున్నాయి.

3. మందు ముందు, వైరస్ తర్వాత. మధ్యలో ఓ గంట.