చూపు లేని కవయిత్రి పాటలు ‘రాసింది’ అనవచ్చా?

సందేహం: మా చర్చి పత్రికకు ఫానీ క్రాస్బీ గురించి రాస్తూ “పుట్టుగుడ్డి అయిన ఈ అమెరికా కవియిత్రి 8,000కు పైగా పాటలు రాసింది” అన్నాను. చూపు లేని మనిషి ఎలా రాస్తుంది, ఆ మాట తప్పు అన్నారొకరు. ‘గుడ్డి’ అనడం అవమానం అన్నారు ఇంకొకరు. ఏమనాలి?

సమాధానం: ‘రాసింది’ తప్పు కాదండీ. ఇవాళ్టి తెలుగులో రాయడం అంటే చేత్తో అక్షరాలు పెట్టడం ఒక్కటే కాదు, రచించడం కూడా. కాకపోతే క్రాస్బీకి ఇంతకంటే బాగా అతికే మాట మన దగ్గర ఎప్పటినుంచో ఉంది, దాన్ని వదిలేస్తున్నామే అని నాకు బాధ. అది ‘చెప్పడం’.

మనవాళ్లు కవిత్వం చెప్పేవాళ్లు. రాసిపెట్టేవాడు వేరే ఉండేవాడు, అతను వ్రాయసకాడు. తిక్కన భారతం చెబుతుంటే గురునాథుడు రాశాడనీ, సంజయుడు ధృతరాష్ట్రుడితో మాట్లాడే ఒక పద్యం దగ్గర చివరి ముక్క తోచక తిక్కన “ఏమి చెప్పుదుం గురునాథా” అన్నాడనీ, గురునాథుడు అదీ రాసేశాడనీ ఒక కథ చెప్పుకుంటారు. తీరా చూస్తే ‘చెప్పుదున్’ మీద ‘కురునాథా’ వస్తే క కాస్తా గ అయి ‘చెప్పుదుం గురునాథా’ అనే అవుతుంది, అంటే సంజయుడు తన రాజును పిలిచినట్టే పద్యం పూర్తయిపోయింది! కలం పట్టింది గురునాథుడే అయినా కవి ఎవరన్న అనుమానం ఈ కథ విన్నవాళ్లెవరికీ రాదు. అవధానులూ అంతే, ఇవాళ్టికీ పద్యం చెబుతారు.

క్రాస్బీ పద్ధతి అచ్చం ఇదే. 1820లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి 1915 దాకా బతికిన ఆవిడ, పాటంతా మనసులోనే కట్టుకుని, అలా కొన్నిటిని లోపలే దాచుకుని, తర్వాత ఎవరితోనైనా రాయించేది. న్యూయార్క్ అంధుల పాఠశాలలో టీచరుగా ఉన్న రోజుల్లో ఆవిడ చెబుతుంటే పద్యాలు రాసిపెట్టిన కుర్రాడు గ్రోవర్ క్లీవ్‌లండ్, తర్వాత అమెరికా అధ్యక్షుడైనాయనే. ఆ పద్యాలు రాసింది ఆయన చెయ్యి, చెప్పింది ఈవిడ.

ఇంకో మాట కూడా ఉంది, ‘పాట కట్టడం’. 1873లో స్నేహితురాలు ఫీబీ నాప్ తాను చేసిన కొత్త వరస వాయించి, ఇది ఏమంటోంది అని అడిగింది. క్రాస్బీ విని, ‘బ్లెస్డ్ అష్యూరెన్స్’ పాట మొదటి మాటలు అక్కడికక్కడే చెప్పేసింది. వరస విని దానికి మాట కూర్చడం, ఇదే కదా మన ఊళ్లలో పాట కట్టడమంటే! ఒక్కో పాటకు వచ్చింది మాత్రం ఒకటో రెండో డాలర్లు. అన్ని పాటల కింద ఒకే పేరు కనిపించకూడదని దాదాపు 200 మారుపేర్లు కూడా వాడారు. అందుకే ఆవిడ పాటలు వేరే పేర్లతోనూ ఉంటాయి, వ్యాసంలో ఆ సంగతి రాయండి.

ఇక ‘పుట్టుగుడ్డి’. ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. ఆరు వారాల పసిగుడ్డుగా ఉన్నప్పుడు కళ్లకు జబ్బు చేస్తే ఎవరో ఆవపిండి పట్టు వేశారని, దానితోనే చూపు పోయిందని క్రాస్బీ చెప్పుకుంది. చూపు పుట్టుకతోనే లేదేమో అని తర్వాతి వాళ్లు అనుమానించారు గానీ, ఆవిడ తన గురించి తాను చెప్పుకున్నదాన్ని ఒక్క మాటతో కొట్టేసే హక్కు మనకు లేదు. ‘పసితనంలోనే చూపు పోయిన’ అనండి. ‘గుడ్డి’ తెలుగు మాటే, గుడ్డి దీపం అంటే ఎవరూ నొచ్చుకోరు. మనిషికి తగిలించేసరికి తిట్టులా వినబడుతుంది, ‘గుడ్డిది’ అంటే మరీను. ‘అంధురాలు’ అనొచ్చు, మర్యాదగానే ఉంటుంది. నన్నడిగితే ‘చూపు లేని’ అన్నంత తేలిగ్గా, సూటిగా ఇంకేదీ ఉండదు.

మీ వాక్యం ఇలా మార్చుకోండి: “పసితనంలోనే చూపు పోయిన ఈ అమెరికా కవయిత్రి 8,000కు పైగా పాటలు చెప్పింది.” పాటలకు ‘కట్టింది’ అన్నా బాగుంటుంది. మీరు ‘కవియిత్రి’ అని రాశారు, ‘వి’ తీసేసి ‘వ’ పెట్టండి, కవయిత్రి.