ఆ ఒక్క వాక్యం ఎక్కడుంది?

బెంగళూరు,
ఇందిరానగర్.

తమ్ముడూ,

ఆ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌కు నువ్వు పంపిన పుల్ రిక్వెస్టు (నా మార్పులు కలుపుకోండి అనే అభ్యర్థన) వాళ్లు తీసుకోలేదని రాత్రి లింకు పంపావు కదా, పొద్దున మెట్రోలో చూశాను. బైయప్పనహళ్లి దగ్గర తెరిస్తే వైట్‌ఫీల్డ్ వచ్చేదాకా కిందికి జరుపుతూనే ఉన్నాను. తీసేసిన 63 లైన్లు ఎర్రగా, చేర్చిన 71 లైన్లు పచ్చగా. "బాగానే రాశాను కదక్కా, ఎందుకు తీసుకోలేదు?" అన్నావు. బాగానే రాశావు. కానీ ఆ ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్‌కు వచ్చిన అనుమానమే నాకూ వచ్చింది. ఇంతకీ ఇందులో మారిందేమిటి?

మూడోసారి చూస్తే దొరికింది. ఇన్‌స్టాల్ పేజీలో పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో నేరుగా ప్యాకేజీ పెట్టుకోమని పాత సూచన ఉంది. డెబియన్ 12, ఉబుంటు 23.04 వచ్చినప్పటి నుంచి ఈ లినక్స్‌లు సిస్టమ్ పైథాన్ జోలికి పిప్‌ను రానివ్వడం లేదు, ఎర్రర్ చూపించి ఆపేస్తాయి. ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్‌ను తాకని విడి పైథాన్ గది) చేసుకోమని నువ్వొక వాక్యం చేర్చావు. మారతహళ్లి పీజీలో అర్ధరాత్రి దాకా తల పట్టుకుని కూర్చుంటే వచ్చిన వాక్యం అది. బంగారం. పాతకాపులకు ఆ లోటు కనబడదు, వాళ్ల మెషీన్లలో అన్నీ ఎప్పుడో సర్దుకుని ఉంటాయి. కొత్తవాడివి కాబట్టి నీ కాలికి తగిలింది.

దాన్ని తీసుకెళ్లి గడ్డివాములో పడేశావు. పేరాలు వంకరగా ఉన్నాయని ఎడిటర్‌తో లైన్లన్నీ సర్దించావు. అక్కడక్కడ మాటలు నున్నగా చేశావు. రెండు శీర్షికలు మార్చావు. మార్పులను నమోదు చేసే గిట్ పోల్చేది లైన్లను, అర్థాన్ని కాదు. ఒక పదం కింది లైనులోకి జారితే చాలు, రెండు లైన్లూ మారినట్టే లెక్క. అలా జారుకుంటూ పేరా మొత్తం ఎర్రబడుతుంది. నువ్వు రాసింది పేజీ. మెయింటెయినర్ ముందుకొచ్చింది మాత్రం ఈ ఎరుపూ పచ్చా. ప్రతి ఎర్ర లైను దగ్గరా ఆగి, ఇందులో ఏదైనా అవసరమైన మాట పోయిందా అని వెతుక్కోవాలి. ఆఫీసు పని అయ్యాక, జీతం లేకుండా.

దీనికి పాత చిట్కా ఒకటుంది. యూనిక్స్ నేర్చుకునేవాళ్ల కోసం బ్రయాన్ కెర్నిగాన్ 1974లో రాసిన పాఠంలోనే, ప్రతి వాక్యాన్నీ కొత్త లైనులో మొదలుపెట్టమని ఉంది. గిట్ పుట్టింది 2005లో! నువ్వు కొత్తగా రాసే పేజీల్లో అలా చెయ్. మార్క్‌డౌన్ అనే రాత పద్ధతిలో అలా విరిచినా డాక్యుమెంటేషన్ సైట్లలో మామూలుగా పేరా కలిసే కనబడుతుంది, తేడా చూసేవాడికి మాత్రం ఒక వాక్యం మారితే ఒక్క లైనే మారుతుంది. ఇప్పటికే ఉన్న పేజీలో వాళ్ల పద్ధతి వేరైతే దాని జోలికి పోకు. అత్తారింటికి వెళ్లిన మొదటిరోజే వంటింటి డబ్బాలు సర్దకూడదు.

శీర్షికల సంగతి నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఒక ప్రాజెక్టులో చాంతాడంత శీర్షికను మూడు మాటలకు కుదించి మురిసిపోయాను. ఆ విభాగానికి లింకు తయారయ్యేదే శీర్షికలోని అక్షరాల నుంచి. అది మారేసరికి వేరే పేజీల నుంచి వచ్చేవాళ్లంతా పేజీ నెత్తిన దిగి, ఎక్కడికి వెళ్లాలో తెలియక వెతుక్కున్నారు. రెండు రోజులకు ఎవరో నా మార్పును రివర్ట్ చేసి వెనక్కి తిప్పేశారు. కారణం ఒకే లైను, తిట్టు కూడా లేదు. తిట్టినా బాగుండేది అనిపించింది, ఆ పూట అన్నం సహించలేదు.

చిన్న డాక్యుమెంటేషన్ మార్పులంటే కొందరు మెయింటెయినర్లు ముందే ముఖం చిట్లిస్తారు. దానికో కారణం ఉంది. ఏటా అక్టోబరులో జరిగే ఓపెన్ సోర్స్ పండగ హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో, నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. దాంతో రీడ్‌మీ అనే పరిచయ పేజీలో ఒక విశేషణం తగిలించి పంపినవాళ్లు కోకొల్లలు. చివరికి ఆ నెల మొదట్లోనే రూలు మార్చి, పాల్గొంటామని ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు. మనవాళ్లూ అందులో తక్కువేమీ తినలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాబట్టి "అప్‌డేటెడ్ డాక్స్" అని మార్పుకు జతచేసే కమిట్ మెసేజ్ పెడితే నిన్నూ ఆ గుంపులోనే కడతారు. ఏ ఉబుంటులో నడిపావో, ఏ కమాండ్ దగ్గర ఏ ఎర్రర్ వచ్చిందో, ఈ వాక్యం చేర్చాక ఏమైందో రాయి. నాలుగు లైన్లు చాలు. "రెస్పెక్టెడ్ సార్" వద్దు. అక్కడ ఎవరూ సార్ కాదు, పైగా ఆ సార్ మేడమ్ కూడా కావచ్చు.

రివ్యూలో "నిట్" అని కనిపిస్తే కంగారుపడకు, చిన్న నలుసు అని అర్థం. సరిచేసి, సరిచేశానని చెప్పు. జవాబు రాకపోతే ఒక వారం ఆగి ఒక్కసారి అడుగు.

ఇప్పుడున్న పుల్ రిక్వెస్టును నువ్వే క్లోజ్ చెయ్, ఎందుకో ఒక మాట రాసి. కొత్త బ్రాంచిలో (విడి కాపీలో) ఆ ఒక్క వాక్యమే పెట్టు. మిగతా మార్పుల్లో నిజంగా అవసరమైనవి ఏవో తర్వాత చూద్దాం. శీర్షికలు మాత్రం వదిలెయ్. శనివారం లాప్‌టాప్ పట్టుకుని ఇంటికి రా. ఉబుంటు కొత్తగా వేసిన మెషీన్ ఒకటి నా దగ్గరుంది, నీ వాక్యాన్ని దాని మీద మొదటి నుంచి నడిపి చూశాకే పంపుదాం. చార్జర్ మర్చిపోకు, పోయినసారి నాది పట్టుకెళ్లావు.

అక్క